రాత్రి షో, తెల్లారేలోపు టేపు: ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’ రికార్డింగ్‌పై ఒక సౌండ్ ఇంజనీర్ కేస్ స్టడీ

లైవ్ రికార్డింగ్ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది మైకుల గురించి. మృదంగానికి ఒకటి చాలా, రెండు కావాలా? గిటార్ ఆంప్‌కి ఎంత దూరంలో పెట్టాలి? తెలిసింది చెప్తాను. కానీ మనోధర్మం మీద నడిచే సంగీతాన్ని రికార్డ్ చేయడంలో అసలు కష్టం అక్కడ లేదు. ఆ పూట పాట ఎంతసేపు నడుస్తుందో, ఎటు తిరుగుతుందో వాయించేవాళ్లకే ముందుగా తెలియదు. మనం పట్టుకున్నదాంట్లో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? ఆ మాట ఎప్పుడు తేల్చుకోవాలి? నా అనుభవంలో రికార్డు నిలబడేదీ పడిపోయేదీ ఆ ‘ఎప్పుడు’ దగ్గరే. అందుకే నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు 1971 మార్చిలో న్యూయార్క్‌లో జరిగిన ఒక రికార్డింగ్‌ను మొదటి నుంచీ విప్పి చెప్తాను. అది అమెరికన్ రాక్ బృందం ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ వాళ్ల లైవ్ ఆల్బమ్ ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’.

బ్యాండ్ పుట్టింది 1969లో, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో. తర్వాత జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో స్థిరపడ్డారు. మొత్తం ఆరుగురు. అన్న డ్వేన్ ఆల్‌మన్ గిటార్, తమ్ముడు గ్రెగ్ హామండ్ ఆర్గన్, గాత్రం. రెండో గిటార్ డికీ బెట్స్, బాస్ బెరీ ఓక్లీ. డ్రమ్స్ మీద ఇద్దరు, బుచ్ ట్రక్స్, జైమో. ఇద్దరు గిటారిస్టులూ సమాన హోదాలో సోలోలు వాయించడం, వెనక రెండు డ్రమ్ సెట్లు కలిసి నడవడం అప్పటికి మామూలు ఏర్పాటు కాదు. బుచ్ ట్రక్స్ రైలు ఇంజనులా తిన్నగా లాక్కుపోతాడు. జైమో ఓటిస్ రెడింగ్ లాంటి సోల్ గాయకుల దగ్గర వాయించి, జాజ్ విని పెరిగినవాడు, ఆ లాగుడు చుట్టూ అల్లుతాడు.

1969 చివర్లో తొలి ఆల్బమ్, 1970లో ‘ఐడిల్‌వైల్డ్ సౌత్’ వచ్చాయి. రెండూ పెద్దగా అమ్ముడుపోలేదు. వేదిక మీద మాత్రం వాళ్లను విన్నవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవారు. 1970 ఒక్క ఏడాదిలో 300 దాకా ప్రదర్శనలు ఇచ్చారంటారు. తొలి ఆల్బమ్‌లో ‘విపింగ్ పోస్ట్’ పాట అయిదు నిమిషాల చిల్లర. వేదికెక్కితే అదే పాట ఇరవై నిమిషాలు దాటేది. జనం టికెట్ కొని వింటున్న సంగీతం ఒకటి, డిస్కులో అమ్ముతున్నది ఇంకొకటి. స్టూడియోలో తమకు ఊపు రావడం లేదని డ్వేన్ బాహాటంగానే చెప్పుకున్నాడు. జనం ముందు పుట్టే వేడిని పట్టుకోవాలంటే తర్వాతి ఆల్బమ్ లైవ్‌గానే చేయాలని ఆ బ్యాండ్ నిశ్చయించుకుంది.

ఆ నిర్ణయం ఎంత సరైనదో, అంత ప్రమాదం కూడా ఉన్నదే. ఇరవై నిమిషాల సోలో ఒక రాత్రి కొండెక్కుతుంది, మర్నాడు అదే చోట నేల మీద దొర్లుతుంది. కచేరీలు వినేవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకే విద్వాంసుడు, ఒకే కల్యాణి. ఒకరోజు ఒళ్లు జలదరిస్తుంది, ఇంకోరోజు గడియారం చూసుకుంటాం. రికార్డింగ్ ట్రక్కు మాత్రం రెండు రోజులకూ ఒకటే అద్దె తీసుకుంటుంది.

ఫిల్‌మోర్ ఈస్ట్ అనేది న్యూయార్క్‌లో మాన్‌హాటన్ సెకండ్ అవెన్యూ మీద ఉన్న పాత థియేటర్. 1968 మార్చిలో కచేరీల నిర్వాహకుడు బిల్ గ్రాహమ్ దాన్ని రాక్ సంగీత వేదికగా తెరిచాడు. రెండువేల ఆరువందల పైచిలుకు సీట్లు. ప్రేక్షకులు కూర్చుని వినే హాలు కావడం రికార్డింగ్‌కు పెద్ద వరం. ఆల్బమ్‌లో నెమ్మదైన చోట్ల శ్రద్ధగా వినండి. అంత మంది ఉన్న హాలు ఊపిరి బిగబట్టి ఉంటుంది. నిశ్శబ్దంగా వినే జనం లేకపోతే, ఎంత మంచి మైక్ పెట్టినా ఆ సన్నని వాయిద్యం దొరకదు. ఆ వారం జానీ వింటర్, ఎల్విన్ బిషప్ బృందం కూడా ఉన్నారు. ఆల్‌మన్ వాళ్లు మార్చి 11, 12, 13 తేదీల్లో వాయించారు. ఆల్బమ్‌లోకి వెళ్లింది 12, 13 తేదీల సంగీతం. రాత్రికి రెండేసి షోలు. అంటే ఒకే పాటల వరుసను దగ్గర దగ్గరగా నాలుగుసార్లు పట్టుకునే వీలు. ఒక్కరోజు కచేరీని రికార్డ్ చేసి ఆల్బమ్ తీయాలనుకునే నిర్వాహకులకు ఈ అంకె చూపించడం నాకు అలవాటు.

హాలు బయట నిలబెట్టిన రికార్డింగ్ ట్రక్కు లొకేషన్ రికార్డర్స్ వాళ్లది. ఇంజనీర్ ఆరన్ బారన్, మెషీన్ పదహారు ట్రాకులది, అంటే ఒకే టేపు మీద పదహారు శబ్దాలను విడివిడిగా పట్టేది. నిర్మాత టామ్ డౌడ్. అట్లాంటిక్ రికార్డ్స్‌లో పెరిగిన మనిషి. కుర్రతనంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో అణుబాంబు ప్రాజెక్టుకు సంబంధించిన భౌతికశాస్త్ర పనిలో ఉండి, తర్వాత సంగీతం వైపు వచ్చాడు. ఎనిమిది ట్రాకుల రికార్డింగ్‌ను అందరికన్నా ముందుగా పనిలో పెట్టినవాళ్లలో ఒకడు. ఈ రోజు మనం మిక్సర్ మీద వేలితో పైకీ కిందికీ జరిపే ఫేడర్ కన్సోల్ మీదికి రావడంలోనూ అతని చెయ్యి ఉంది. ‘ఐడిల్‌వైల్డ్ సౌత్’ నిర్మాత కూడా అతనే కాబట్టి బ్యాండ్ స్వభావం తెలుసు. ఘనాలో ఒక పెద్ద కచేరీ చిత్రీకరణ పని చూసుకుని వస్తూ న్యూయార్క్‌లో దిగాక ఈ రికార్డింగ్ సంగతి తెలిసి వెళ్లాడు. ట్రక్కు సిబ్బందికి ముందుగా చెప్పింది ఒకటే. ఇద్దరు డ్రమ్మర్లు, ఇద్దరు ముఖ్య గిటారిస్టులు ఉన్న బృందం ఇది, పదహారు ట్రాకులూ దాన్ని బట్టి పంచుకోవాలి.

ఈ పంపకం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ సగం పని అక్కడే తేలిపోతుంది. పదహారంటే బోలెడనుకుంటాం. రెండు డ్రమ్ సెట్లు, రెండు గిటార్లు, బాస్, ఆర్గన్, గాత్రం, కొన్ని పాటల్లో టామ్ డూసెట్ హార్మోనికా, హాల్లో జనం శబ్దం. ఇన్ని వచ్చేసరికి మిగిలేది అంతంతమాత్రం. పైగా ఆ వేదిక మీద మార్షల్ ఆంపులు గర్జిస్తుంటే ప్రతి మైకులోనూ పక్కవాడి శబ్దం చేరుతుంది. ఆ లీకేజీని పూర్తిగా ఆపలేం. ఏది దేనిలోకి చేరినా వినడానికి బాగుండేలా మనుషులను, మైకులను సర్దుకోవడమే చేయగలిగింది. టేపుదీ ఒక ఇబ్బంది. రెండంగుళాల టేపు మామూలు రీలు సెకనుకు పదిహేను అంగుళాల వేగంతో నడిస్తే 33 నిమిషాలొస్తుంది. వేగం రెట్టింపు చేస్తే అందులో సగం. రీలు అయిపోతోందని సోలో ఆగదు. అందుకే ఆ కాలపు లైవ్ రికార్డింగుల్లో ఒక మెషీన్ ఖాళీ కాకముందే రెండోదాన్ని తిప్పే పద్ధతి ఉండేది.

ఇక కథ మలుపు తిరిగిన చోటు. రికార్డింగ్ మొదలైన తొలి షోలోనే, ముందస్తు మాట ఏదీ లేకుండా, సాక్సోఫోన్లు పట్టుకున్న మిత్రులు వేదిక మీదికి వచ్చారు. ట్రక్కులో కూర్చున్న డౌడ్‌కు ఆ శబ్దం చెవిలో పడేదాకా సంగతే తెలియదు. శ్రుతి కలవలేదు. వాటికని కేటాయించిన చోటూ లేదు. విరామం రాగానే అతను దిగి వెళ్లి డ్వేన్‌ను పట్టుకుని, ఆ వాయిద్యాలు ఉండకూడదని చెప్పాడు. వాళ్లు తన స్నేహితులని డ్వేన్ కాసేపు వాదించి, చివరికి ఒప్పుకున్నాడు. 2014లో వచ్చిన ఆరు సీడీల పూర్తి సంపుటంలో ఆ సాక్సోఫోన్ల షోలు వినొచ్చు. వింటే డౌడ్ మాటలో న్యాయం ఉందని నాకు అనిపిస్తుంది. వాయించినవాళ్లు చేతకానివాళ్లేమీ కారు. ఆ బృందంలో ప్రతి ఒక్కరూ పక్కవాడి ఊపిరిని బట్టి నడుస్తున్నారు. సాక్సోఫోన్లు మాత్రం ముందే కూర్చుకున్న ముక్కలను మధ్యలో దించుతున్నాయి. చెవి వెంటనే పట్టేస్తుంది.

ఇలాంటిది నాకూ తగిలింది. కొన్నేళ్ల క్రితం వయొలిన్, ఎలక్ట్రిక్ గిటార్, మృదంగం, డ్రమ్స్ కలిసిన ఒక ఫ్యూజన్ కచేరీ రికార్డ్ చేస్తున్నాను. నడిమధ్యలో నిర్వాహకులు గౌరవంగా ఒక నాదస్వర విద్వాంసుణ్ణి వేదిక మీదికి పిలిచారు. ఆయన గొప్ప విద్వాంసుడే. కానీ నాదస్వరం అంటే మన ఇళ్ల పెళ్లిళ్లలో వీధి చివరిదాకా వినిపించే వాద్యం. అది వయొలిన్ మైకులోకి, మృదంగం మైకులోకి నిండుగా దూరింది. అప్పుడు నేను లేచి వెళ్లి ఎవరికీ ఏమీ చెప్పలేదు. తర్వాత మిక్సింగ్‌లో సర్దొచ్చులే అనుకున్నాను. ఆ అరగంటలో వయొలిన్ వాయించిన స్వరకల్పన ఆ రాత్రికే తలమానికం. అందులో ఒక్క నిమిషం కూడా వాడుకోలేకపోయాను. చెప్పాల్సిన మాట విరామంలో చెప్పాలని డౌడ్ నుంచి నేను నేర్చుకున్నది ఈ నష్టం తర్వాతే.

అయితే ఈ కేసులో అన్నింటికన్నా విలువైనదిగా నేను పట్టుకునేది ఇంకొకటి. షో అయిపోయాక బ్యాండ్ నిద్రకు పోలేదు. తినడానికీ తాగడానికీ ఏవో పట్టుకుని, డౌడ్‌తో కలిసి బ్రాడ్‌వే మీదున్న అట్లాంటిక్ స్టూడియోకు వెళ్లి, ఆ రాత్రి టేపులు ఆ రాత్రే విన్నారు. ఈ పాట వచ్చేసింది, మళ్లీ వాయించక్కర్లేదు. ఇది రాలేదు, రేపు మళ్లీ పెట్టుకుందాం. ఇలా తేల్చుకుంటూ మర్నాటి పాటల వరుస మార్చుకున్నారు.

ఇందులో ఎన్ని సంగతులున్నాయో చూడండి. వాయించినప్పటి వేడి ఇంకా ఒంట్లో ఉండగానే వింటున్నారు కాబట్టి, ఎక్కడ మనసు లగ్నమైందో, ఎక్కడ వేళ్లు మాత్రమే కదిలాయో వాళ్లకే తెలుస్తుంది. నెల తర్వాత విన్నా తప్పు స్వరం వినిపిస్తుంది. కానీ ఆ తప్పు ఎందుకొచ్చిందో గుర్తుండదు. ఇంకోటి, ఒక పాట భద్రంగా టేపులో పడిందని తెలిస్తే, మర్నాడు ఆ పాట దగ్గర భయం పోతుంది. భయం లేనివాడు తెగించి వాయిస్తాడు. మనోధర్మానికి ఆ తెగింపే ప్రాణం. స్టూడియోలో రీటేక్ అంటే తప్పు సరిదిద్దుకోవడం. ఇక్కడ రెండో షో రీటేక్ కాదు. కొత్త జనం, కొత్త గాలి, నిన్న విన్నదాని జ్ఞాపకం, వీటన్నిటి మధ్య పాట మళ్లీ పుడుతుంది.

ఈ పద్ధతిని నేను నా పనిలో పెట్టుకున్నాను. రెండు రోజుల ఉత్సవం అయితే మొదటి రాత్రి భోజనాలయ్యాక కళాకారుల గదిలో స్పీకర్లు పెట్టి, రఫ్ మిక్స్ వినిపిస్తాను. మొదట్లో పెద్దవాళ్లు ఇష్టపడలేదు. ‘వాయించాం కదమ్మా, ఇంకేం వింటాం’ అన్నారొకాయన. విన్నాక ఆయనే తన తని ఆవర్తనంలో మధ్య భాగం కుదించుకుంటానని చెప్పారు. మర్నాడు కుదించలేదు, దాన్నే ఇంకో దారిలోకి తిప్పారు. ఆల్బమ్‌లోకి వెళ్లింది ఆ రెండో రోజుదే.

మార్చి 13 రాత్రి రెండో షో బాంబు బెదిరింపు వల్ల ఆలస్యమైంది. హాలు వెతికి, జనాన్ని మళ్లీ కూర్చోబెట్టి మొదలుపెడితే, బయటికొచ్చేసరికి తెల్లవారింది. అలిసిన ఒంటితో, ఆఖరి అవకాశం అన్న ఎరుకతో వాయించిన సంగీతం అది.

ఇక ఏరివేత. నాలుగు షోల టేపు నుంచి రెండు డిస్కుల నాలుగు ముఖాలకు సరిపడా సంగీతం. ఎల్పీ డిస్కులో ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటే కొద్దీ సూది నడిచే గాడులు దగ్గర దగ్గరగా కోయాల్సి వస్తుంది, శబ్దం మట్టం తగ్గుతుంది, బాస్ పలచబడుతుంది. కాబట్టి ‘యూ డోన్ట్ లవ్ మీ’ పందొమ్మిది నిమిషాలు ఒక వైపంతా తీసుకుంది, ‘విపింగ్ పోస్ట్’ దాదాపు ఇరవైమూడు నిమిషాలు ఇంకో వైపంతా. మొత్తం ఏడు పాటలు. ఏడంటే ఏడు పాటలతో డబుల్ ఆల్బమ్ అమ్మడం అప్పటి వ్యాపారులకు రుచించే విషయం కాదు. బ్యాండ్ రికార్డు కంపెనీ కాప్రికార్న్ అధిపతి ఫిల్ వాల్డెన్ మాత్రం రెండు డిస్కులకే పట్టుబట్టాడు. జనానికి అందాలని మామూలు డబుల్ ఆల్బమ్ ధర కన్నా తగ్గించి అమ్మారు.

‘లైవ్ అంటే కోత పెట్టకూడదు’ అనేవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ‘యూ డోన్ట్ లవ్ మీ’ రెండు షోల ముక్కలను అతికించి చేసినది. పాట నడుమ బృందమంతా ఆగిపోయి, డ్వేన్ ఒక్కడే గిటార్ పట్టుకుని ఏకాంతంగా మిగిలే చోటుంది. అతుకు వేయడానికి అంతకన్నా చక్కని చోటు ఇంకోటి ఉండదు. ఒక షోలో పుట్టిన ఆలోచనకు ఇంకో షోలో దొరికిన ముగింపు అది. ‘స్టార్మీ మండే’లో డూసెట్ హార్మోనికా సోలోను తీసేశారు. 1992 నాటి ‘ఫిల్‌మోర్ కాన్సర్ట్స్’ సంపుటంలో దాన్ని తిరిగి చేర్చారు. అసలు ఆల్బమ్ మొదటి వైపు నిడివి దాదాపు పదిహేడు నిమిషాలే. ఆ సోలో ఉంచినా ఎల్పీకి ఇబ్బంది లేదు. అంటే అది చోటు చాలక తీసింది కాదని నా లెక్క. పాట గ్రెగ్ గొంతు, ఇద్దరు గిటారిస్టులు, ఆర్గన్ మధ్య సంభాషణగా బిగువుగా ఉండాలని తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసార్లు విన్నాను. సోలో మంచిదే. అయినా లేకుండా ఉన్నదే నాకు నచ్చుతుంది. ఆర్గన్ మీద గ్రెగ్ లయ కాస్త వేగంలోకి జారే ఆ మలుపు అప్పుడు ఎక్కువ వెలుగుతుంది.

‘విపింగ్ పోస్ట్’ మొదలు గురించి చెప్పకుండా ఉండలేను. బెరీ ఓక్లీ బాస్ ఒంటరిగా ఎత్తుకుంటుంది. నా స్నేహితుడు, మృదంగం వాయిస్తాడు, మొదటిసారి వినగానే తొడ మీద వేళ్లేసి ‘తకిట తకిట తకిట తక’ అన్నాడు. మూడు మూళ్లు, ఒక రెండు, పదకొండు. గ్రెగ్ ఆ పాట రాసినప్పుడు అది పదకొండని తెలియదట. మూడేసి చొప్పున మూడుసార్లు, మళ్లీ మొదటికి దూకడానికి రెండు, అంతే అనుకున్నాడు. అన్న డ్వేన్ లెక్క చెప్పాడు. లెక్క తెలియకుండా ఒంట్లోంచి వచ్చిన నడక కాబట్టే, అంత వేగంలోనూ అది గణితంలా వినిపించదు. ఇంకో సంగతి. పాట మొదలుకాకముందే జనంలో ఒకరు ఆ పాట పేరు గట్టిగా అరుస్తారు, వేదిక మీంచి ‘సరిగ్గా చెప్పావ్’ అన్న జవాబు వస్తుంది. మిక్సింగ్‌లో ఎవరైనా దాన్ని కోసేయొచ్చు. కోయలేదు. ఆ రెండు క్షణాలతో హాలు ఎంత పెద్దదో, జనం ఎంత దగ్గరగా ఉన్నారో వినేవాడికి తెలిసిపోతుంది.

‘ఇన్ మెమొరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ మీద విడిగా రాయాలి. మేకన్‌లోని రోజ్‌హిల్ శ్మశానంలో ఒక సమాధి రాయి మీద చూసిన పేరు ఆ రచనకు పెట్టాడు డికీ బెట్స్. గాత్రం లేదు. రెండు గిటార్లు జంటగా పల్లవిలా ఒక వరుసను ఎత్తుకుని, తర్వాత ఒకరి తర్వాత ఒకరు ఒకే స్వర సముదాయం మీద ఆలాపనలా విస్తరిస్తారు. కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మారుతూ పోయే రాక్ పాటల కన్నా రాగం పట్టుకుని నిలబడే మన పద్ధతికే ఇది దగ్గర. డ్వేన్ జాజ్ విద్వాంసులు మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ రికార్డులను పదేపదే విన్నవాడు, ఆ దారి అక్కడిది. రికార్డిస్టుగా నాకు ఇక్కడ ముచ్చటేసేది మిక్సింగ్. డ్వేన్ సోలో ఎక్కుతున్నప్పుడు రెండు డ్రమ్ సెట్లూ అతనితో పాటు ఎక్కుతాయి, ఆ ఎక్కడం వాయించినవాళ్లదే. ఫేడర్ తోసి తెచ్చిన ఎత్తులా ఒక్క చోటా అనిపించదు.

ఆల్బమ్ 1971 జులై 6న వచ్చింది. అప్పటికే ఫిల్‌మోర్ ఈస్ట్ లేదు. జూన్ 27న మూతపడింది, ఆ ఆఖరి రాత్రి చివరగా వాయించిన బృందం కూడా ఇదే. అక్టోబర్ నెలాఖరుకు ఆల్బమ్ అమ్మకాల్లో గోల్డ్ స్థాయికి చేరింది. ఆ నెల 29న మేకన్‌లో మోటార్ సైకిల్ ప్రమాదంలో డ్వేన్ పోయాడు. ఇరవై నాలుగేళ్లు. మరుసటి ఏడాది నవంబర్‌లో బెరీ ఓక్లీ కూడా అదే ఊళ్లో, అలాంటి ప్రమాదంలోనే పోయాడు. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ఆల్బమ్‌ను భద్రపరచాల్సిన జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది.

నాలుగో వైపు చివర్లో ‘విపింగ్ పోస్ట్’ ముగిశాక డిస్కు వెంటనే ఆపేయకండి. చప్పట్ల మీద టింపనీ డ్రమ్ము మెల్లగా ఉరుముతుంది. గిటార్ ఇంకేదో కొత్త వరుస ఎత్తుకోబోతుంది. అక్కడ శబ్దం సన్నగిల్లి మాయమవుతుంది. వేదిక మీద వాళ్లు ఆగలేదు, అలాగే ‘మౌంటెన్ జామ్’లోకి వెళ్లి ఇంకో ముప్పైమూడు నిమిషాలు వాయించారు. దానికి ఈ నాలుగు ముఖాల్లో చోటు లేకపోయింది. 1972 ఫిబ్రవరిలో ‘ఈట్ ఎ పీచ్’ ఆల్బమ్‌లో రెండు వైపులుగా విడదీసి దాన్ని ఇచ్చారు. ఆ ముగింపు జనం చేతికి వచ్చేసరికి, దాన్ని ఎత్తుకున్న గిటార్ మనిషి లేడు.